ఎదురింటి మంట

జెనైదా ఎక్కాల్సిన బస్సు ఎనిమిదింటికి.
ఇప్పుడు ఏడూ ఇరవై.
బయట లీమా మీద అదే తుంపర,
వాన అనిపించుకోడానికి సిగ్గుపడేది,
తీగ మీది చొక్కాల్ని వారమైనా ఆరనివ్వనిది.

మాంసం పొద్దున్నే బయట పెట్టడం మరిచిపోయాను.
ఒకందుకు మంచిదే.
సగం గడ్డకట్టిన పెద్దకూర కత్తి మాట వింటుంది,
ఉల్లిపొరంత పలచగా లేస్తుంది.
పోగుకి అడ్డంగా కోయాలి,
నిలువుగా కోస్తే చెప్పుతోలు నమిలినట్టే.
ఇది మా నాన్న
కాపోన్ వీధి చైనా హోటల్లో పదకొండేళ్లు అంట్లు తోముతూ
వంటవాడి చేతుల వంక ఓరగా చూసి తెచ్చుకున్నది.
జీతంలో మిగిలిందేమీ లేదు.
ఈ మూకుడొకటి, నాలుగు మాటలు.
అల్లాన్ని మేం కియోన్ అంటాం, సోయా రసాన్ని సియావ్ అంటాం.
ఇవి స్పానిష్ కాదని బళ్లో ఎవరో అంటే
"మరి మా వంటింట్లోకి ఎలా వచ్చాయి?" అని
నాయెలి పోట్లాడి వచ్చింది.
పడవలో, అన్నాను.
ఆపైన నాకూ తెలీదు.

నాయెలి ఉల్లిపాయ తరుగుతోంది, పెద్ద పెద్ద ముక్కలు,
ఎవరి మీదో కోపం ఉన్నట్టు.
ఆన్సెల్మో ఉడికిన నూడుల్ ఒకటి తీసి గోడకేసి కొట్టాడు.
అంటుకుంది. ఉడికినట్టే.
నిరుడు కొట్టినది ఇంకా పక్కనే ఉంది, సున్నంలో కలిసిపోయి.
జెనైదా ఒక చేత్తో జుట్టు ముడేస్తూ
ఇంకో చేత్తో ఆసుపత్రి యూనిఫారం వెతుకుతోంది.

మూకుడు పొగలు కక్కాలి.
ఆ పొగలోకి మాంసం పడితే
చుయ్‌మని ఇల్లంతా లేచి నిలబడాలి.
అప్పుడు ఉల్లి, టమాటా, పసుప్పచ్చ మిరప,
మూడే నిమిషాలు, చెయ్యి ఆగకూడదు.
మంట తగ్గిందా, అది వేపుడు కాదు, పులుసు.

తగ్గింది.
మాంసం ఇంకా సగంలో ఉండగా
నీలం మంట పసుపై,
ముసలాడిలా రెండుసార్లు దగ్గి పోయింది.
సిలిండర్ని ఊపాను. వంచాను. తిట్టాను, బతిమాలాను.
గ్యాసువాడు వచ్చేది రేపే.
జెనైదా గడియారం వైపు చూడలేదు.
ఆ చూడకపోవడమే గట్టిగా వినిపించింది.

ఎదురు తలుపు దోన్యా ఎర్మెలిండాది.
జూన్ నుంచి మాటల్లేవు.
మిద్దె మీది ట్యాంకు, దాని గొట్టం, ముందు ఎవరు పట్టుకోవాలి.
ఆవిడ అన్నవి, నేను తిరిగి అన్నవి,
ఇప్పుడు ఇద్దరికీ వరుస తప్పాయి.
మధ్య దూరం ఐదడుగులు.

మూకుడు నాయెలి ఎత్తింది.
నేను ఆపేలోగా, గుడ్డతో చెవులు పట్టుకుని,
చెప్పుల్లేని కాలితో తలుపు తట్టింది.

ఏం మాట్లాడుకున్నారో వినలేదు.
నూడుల్స్ గిన్నెతో నేను వెళ్లేసరికి
ఆవిడ తన సూపు దించి పక్కన పెట్టి
మంట పూర్తిగా పెంచేసింది.
నన్ను చూడలేదు.
జరిగింది, ఒక మనిషికి సరిపడా.
మాంసం మళ్లీ చుయ్‌మంది.
నూడుల్స్ వేశాను, సియావ్ పోశాను, ఎగరేశాను,
మంట అంచు దాటి లోపలికి నాలుక చాపింది.
ఆవిడ అడక్కుండానే చెయ్యి చాచి
సీసాలోంచి వెనిగర్ చిలకరించింది.
నేను మరిచిపోయింది సరిగ్గా అదే.
ఎలా తెలిసిందో! గోడలు పలచన;
నా వంట పన్నెండేళ్లుగా విని విని
ఆవిడ ముక్కుకి కంఠతా వచ్చేసింది కాబోలు.

ఏడూ నలభై ఏడు.
జెనైదా బూట్లేసుకుని నిలబడే తింది,
మిగతాది డబ్బాలో పెట్టుకుని
మెట్లు రెండేసి దిగుతూ పోయింది.
ఆన్సెల్మో మాంసమంతా ఏరుకుని
టమాటాలతో పళ్లెం అంచున గోడ కట్టాడు.
ఐదో పళ్లెం నాయెలి ఎదురింటికి తీసుకెళ్లింది.

తెచ్చుకోడానికి నేను వెళ్తే
ఆవిడ కడిగి, తుడిచి ఉంచింది.
"పొద్దున్న కాఫీకి ఏం చేస్తారట?"
అడిగింది నన్ను కాదు, పళ్లేన్ని.

ట్యాంకు సంగతి అలాగే ఉంది.
మిద్దె మీద గొట్టం రాత్రంతా
బొట్టు బొట్టుగా కారుతోంది.
ఈసారి కట్టెయ్యాల్సిన వంతు
బహుశా నాదే.