ముప్పై ఆరో వంతు సముద్రం

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే
తుఫాన్లు చేస్తానని చెబుతాను.
డెల్ఫ్ట్ ఊరి చివర, రైలు పట్టాల పక్కన
కిటికీలు లేని పొడవాటి షెడ్డు మాది.
ఒక కొసన ఇనుప తెడ్డు, ఇంకో కొసన గట్టు,
మధ్యలో మోకాలి లోతు సముద్రం.

ఉప్పు లేదు. చేపల్లేవు. గాలి అసలే లేదు.
ఎనిమిదింటికి కాఫీ కప్పు పక్కన పెట్టి
మీట నొక్కితే అల లేస్తుంది.
భోజనం వేళకు ఆగుతుంది.

ముందురోజంతా రాళ్లకు రంగులేస్తాను.
అడుగు వరస నీలం, నడిమిది పసుపు, పైది ఎరుపు.
ఎక్కడి రాయి ఎక్కడికి దొర్లిందో
రంగే సాక్ష్యం చెబుతుంది.
నా గోళ్ల సందున ఎప్పుడూ ఏదో ఒక గట్టు ఉంటుంది.

పిల్లలు లక్కపిడతల్లో ఇసుక వండి
'ఊదుకుని తిను, కాలుతుంది' అంటారు చూడండి,
అదే ఆట. మేం జీతం తీసుకుని ఆడతాం.
కాలదని తెలుసు. అయినా ఊదాలి.

లెక్క ఒకటుంది:
పొడవును ముప్పై ఆరో వంతుకు కుదిస్తే
కాలం ఆరో వంతుకు కుదురుతుంది.
పన్నెండు గంటల కాళరాత్రి
మా షెడ్డులో రెండు గంటలు.
కుదరనన్నది నీటి చుక్క ఒక్కటే.
ఎంత చిన్న సముద్రంలోనైనా
తుంపర తుంపరంతే ఉంటుంది.
అక్కడ మా అబద్ధం బయటపడుతుంది.
రిపోర్టులో ఒక పేజీ దానికే కేటాయిస్తాం.

ఒకసారి మేనత్త లేంత్యేను తీసుకొచ్చాను.
యాభై మూడు వరదలో, జీలండ్‌లో,
ఇంటికప్పు మీద కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్ల ఆమె.
నీళ్లలో వేలు ముంచి నాకి చూసింది.
'చప్పగా ఉంది' అంది. 'చల్లగానూ లేదు.'
తెడ్డు కదిపాను.
ఆ రాత్రి అలలే, పాత పుస్తకాల్లోంచి ఏరినవి.
ఆమె అల వంక చూడలేదు.
గట్టు వెనక చూసింది,
వట్టి సిమెంటు నేలను,
మేం ఎన్నడూ ఏమీ కట్టని చోటును.

నలభై ఒక్క రాయి దొర్లింది.
'అయిపోయింది అత్తా, తెల్లారింది' అన్నాను.
'అంతేనా?' అంది.
'అక్కడ ఒక్కో గంటకు ఆరేసి గంటలు పట్టాయి.
నీ లెక్కను తిరగేసి కట్టాలి, మరీనస్.
తమ్ముడు యానిస్ చెయ్యి జారింది మూడో గంటలో.
ఆ గంట ఇంకా కొట్టలేదు.'

ఏ పేజీలో రాయాలి ఆ మాట?
ఆమె మాత్రం వంగి, తనకు వదులైన బూట్లతో నీళ్లలోకి దిగి,
దొర్లిపోయిన నీలం రాయిని తెచ్చి
దాని గుంటలోనే కూర్చోబెట్టింది.
బొటనవేలితో అదిమి అదిమి.
'కాస్త బరువైనవి పెట్టు' అంది.

పెట్టాను. ఏడు దొర్లాయి.
మరుసటి వారం రెండు.
ఎక్కడో ఒక తీరాన అసలు గట్టు లేస్తోంది,
ఒక్కో రాయీ ఒక్కో ఎద్దంత.
దాని వెనక నిద్రపోయేవాళ్లకు నేనెవరో తెలియదు.
వాళ్ల తుఫాను ఇంకా పుట్టనేలేదు.
మేం దాన్ని పద్నాలుగుసార్లు
తుడిచి, పిండి, గుడ్డ ఆరేశాం.

ఈమధ్య పరీక్షకు ముందు
గట్టు వెనక ఒక అగ్గిపెట్టె పెడుతున్నాను.
'ఇది ఏ కొలతకు?' అని అడిగింది కొత్త ఇంజనీరమ్మ.
దేనికీ కాదన్నాను.
నీళ్లు సద్దుమణిగాక ఒక పుల్ల తీసి గీశాను.

వెలిగింది.