కూత

ఓట్టేరిలో, వంతెన పక్క సందులో
పోస్టర్లు వేసే ప్రెస్సు నాది.
పెళ్ళిళ్ళు, చావులు, చెవులు కుట్టడాలు, ఎన్నికలు.
ఏ పదానికి ఎంత లావు అక్షరమో
కొలుచుకుంటూ బతికేవాణ్ణి.

మోకాటికి కట్టుతో పుష్కల వచ్చింది.
వెనక వాళ్ళమ్మ, కార్పొరేషన్ పచ్చకోటు విప్పకుండానే.
కబడ్డీ రాష్ట్ర జట్టులోకి తీసుకున్నారట,
వీధికంతా తెలియాలట.
"పేరు ముందు ఏం వెయ్యను?"

తమిళంలో వీరాంగనై.
కొడుతుంటేనే తెర మీద కత్తి మొలిచింది,
ఎక్కడో గుర్రం సకిలించింది.
పిల్ల నవ్వింది: "బూట్లకే దిక్కులేదన్నా, గుర్రమా?"

కోచ్ ఇచ్చిన కాగితంలో హిందీవాళ్ళ ఖిలాడీ.
మా వీధి మలుపు తిరిగేసరికి అది కిలాడీ,
చీటీ డబ్బుతో ఉడాయించిన మునిరత్నానికి
మేమంతా కలిసి ఇచ్చిన బిరుదు.

టీకొట్టు మలయాళీ తారం అన్నాడు.
"రెండో తారమంటే రెండో పెళ్ళామే గదయ్యా ఇక్కడ!"
వాళ్ళమ్మ కళ్ళెర్రజేసింది.

సరే, మనది.
ఆటగాడున్నాడు, వాడికేం, ఛాతీ విరుచుకుని.
పక్కన నిలబెట్టే ఆడమాట కోసం వెతికితే
ఆటకత్తె గజ్జెలు చప్పుడు చేసుకుంటూ వచ్చింది,
ఆటవెలది పద్యం ముసుగేసుకుని తల దించుకుంది,
క్రీడాకారిణికి రేడియో వార్తల గొంతు.

ఏ లిపీ రాని ఆ తల్లి
నా తెరకేసి కాసేపు చూసి,
"ఇంట్లో మేమవేమీ అనం నాయనా.
మా పిల్ల కూతకు పోతాది.
కూత తెగదు దానికి" అంది.

ఇక్కడివాళ్ళు దాన్నే పాడిపోవడం అంటారు.
అవతలి గీతలోకి ఒంటరిగా పోయే గొంతు
ఒకరికి పాట, ఒకరికి కూత.
ఊపిరి మటుకు ఎవరూ అప్పివ్వరు.

వీరాంగనైనే వేశాను, ఎర్రగా, లావుగా.
వీధి చదవగలిగేది అదే.
అడుగున నా ఫోన్ నంబరుండే చోట
చీమంత తెలుగులో
కూత తెగని కూతురు.
నంబరు ఎగిరిపోయింది, పోనీ.

"ఇదేం ముగ్గన్నా?" అంది పుష్కల,
నోటికి వచ్చి కంటికి రాని భాషను చూసి.
"మీ అమ్మ మాట."

తడి సిరాను ఒక్క వేలితో తాకి,
చప్పున చెయ్యి లాక్కుని,
ఎవరో కాలు పట్టుకుంటారన్నట్టు
గడప గీత దాటేసింది.