బొద్దు చప్పుడు

వాడపల్లి ఫ్యాక్టరీల బట్టీ ఆపి
మూడు దినాలైంది.
ఇంకా లోపల సెగ చావలే.
వంగి దూరినం:
ముందుగాల జానిమియా మేస్త్రి, ఎనుక నేను.

"చెయ్యి పెట్టి చూడు.
సున్నపురాయి ఉడికి ముద్దైతున్నా
గమ్మున కూసుంటది గీ మెగ్నీషియా ఇటుక.
అగ్గిల కాలి పుట్టిందాయె,
అగ్గికేం జంకుతది?"

తెల్ల దుమ్ము. రెప్పల మీద, చెవుల్ల,
టిఫిన్ డబ్బా మూత మీద గూడ.
బీడీ కోసం మాస్కు దించబోతే
చెయ్యి మీద ఒక్కటేసిండు:
"ఊపిరితిత్తులకు సున్నమేస్తవారా?"

రాత్రి మొగులై కొట్టింది.
పట్టా ఒక మూలకు లేసిపోయింది.

పొద్దుగాల సుత్తెతోని
ఒక్కొక్క ఇటుకనూ పలకరించిండు మేస్త్రి.
మంచివి కణ్‌మన్నయి.
తడిసినయి బొద్దుమన్నయి.
నలభై రెండు పక్కకు పెట్టిండు.

"ఒక్క వానకే?" సూపర్‌వైజర్ గరమైండు.
మేస్త్రి ఏం మాట్లాడలే.
ఒక అంచు వేళ్ల నడుమ పెట్టి నలిపిండు.
పుట్నాల పిండి లెక్క రాలింది,
పద్నాలుగు వందల డిగ్రీలు మోసే ఇటుక.

ఇంటికొస్తే అమ్మకు మల్ల కడుపుల మంట.
మిర్యాలగూడల కొన్న తెల్లమందు,
నీళ్లు తాగిన మెగ్నీషియానే అది.
గోడను చెడగొట్టిన నీళ్లే
దీన్ని మందు చేసినయి.
"రెండు చెంచాలే అమ్మా,
ఎక్కువైతే చెంబు పట్టుకొని ఉరుకుడే.
కిడ్నీలు బాగలేనోళ్లకు ఇది గూడ బరువేనంట."

"నాకు చెప్పొచ్చినవ్," అని
సీసా ఊపింది.

బొద్దు, బొద్దు.
నలభై మూడోది.