చెవి కొస

ఫిషింగ్ హార్బర్లో ఐసు గది వెనక
బోను పెట్టి కూర్చున్నాం, నేనూ నూకరత్నమూ.
లోపల నాలుగు నెత్తళ్లు.
డాల్ఫిన్ నోస్ మీద లైటు ఇంకా తిరుగుతోంది.

"అయిదు కాన్పులయిపోనాయి దీనికి.
నాకు మూడుకే ఆపీసినారు" అంది.
నవ్వలేదు.

టప్పున పడింది తలుపు.
దుప్పటి కప్పాను.
ఆస్పత్రి దాకా ఆటోలో
అది తిట్టిన తిట్లన్నీ
నాకు అర్థమయ్యాయి.

నాలుగో రోజు అక్కడే వదిలాం,
ఎడమ చెవి కొస లేకుండా.
వెనక్కి చూడలేదు,
ఒడ్డుకెక్కించిన పడవ కిందికి దూరిపోయింది.

అప్పట్నుంచీ రోజూ
చేప పులుసన్నం గిన్నె పెట్టి
పది అడుగులు వెనక్కి జరుగుతాను.
అంత దూరముంటేనే తింటుంది.

నిన్న లెక్క తప్పాను,
తొమ్మిదే వేశాను.
తల ఎత్తింది,
చూసింది,
మళ్లీ తింది.