కదురు

గెనొవెఫా గారి తలకి ఇరవై ఒక్క తీగలు అంటించాను.
జిగురు చల్లగా ఉందని విసుక్కుంది.
"నూలు మిల్లులో ముప్ఫై మూడేళ్ళమ్మాయ్,
దారాలు నాకు కొత్తా?"
కిటికీ అవతల వూచ్ నగరం.
ఆఖరి ట్రామ్ మలుపులో కీచుమంది.

ఫారంలో, ఫిర్యాదు: నిద్రలేమి.
ఎన్నాళ్ళుగా అన్న గడిలో
'మిల్లు మూసిన రాత్రి నించి' అని రాసింది.
చోటు చాలక ఆ వాక్యం
మద్యం అలవాటుందా అన్న గడిలోకి పాకింది.

పేర్లు పెట్టడం నా ఉద్యోగం.
ఊపిరి పది సెకన్లు ఆగితే ఆప్నియా.
దీపం ఆర్పాక కునుకు పట్టేదాకా లేటెన్సీ.
రెప్పల కింద గుడ్లు పరుగు తీస్తే రెమ్ నిద్ర,
కల వెంట మనిషి లేచిపోకుండా
అప్పుడు ఒళ్ళు మొత్తం చచ్చుబడుతుంది.
కాళ్ళకి కుదురు లేకపోతే దానికీ ఒక పేరుంది,
పొడుగాటిది.

తెల్లారి లేచి కూచుని
"చూశావుగా, రెప్ప వాల్చలేదు" అంది.
తెర మీద అయిదు గంటల నలభై నిమిషాల నిద్ర.
అబద్ధమాడటం లేదు ఆవిడ.
దానికీ పేరుంది, పది గంటలకి డాక్టరు చెబుతాడు.

చూపించకూడదు. చూపించాను.
కొసలు సన్నగా, నడుమ లావుగా
సెకనుకి పద్నాలుగు సార్లు వణికిన గీత.
"ఇదేంటి?"
"కదురు. రెండో దశ నిద్రలో వస్తుంది."
"మీ డాక్టర్లు పెట్టిన పేరేనా?"
"వాళ్ళదే."

కళ్ళజోడు పెట్టుకుంది.
గీత వెంట వేలు నడిపి ఒక పెద్ద కెరటం దగ్గర ఆపింది.
"ఇక్కడ పోగు తెగింది."
కె-కాంప్లెక్స్ అనబోయి టైము చూశాను.
నాలుగూ యాభై. మొదటి ట్రామ్.
"తెగి... ఇదిగో, వెంటనే మళ్ళీ కదురు తిరిగింది.
అతికిందెవరు?"
"మీరే."

చాలాసేపు ఏమీ అనలేదు.
"మొత్తం ఎన్ని?"
"ఆరు వందల పన్నెండు."
"నా షిఫ్టులో నాలుగు వందలే చూసేదాన్ని."

తల దువ్వుతుంటే జిగురు పొలుసులుగా రాలింది.
కోటు బొత్తాలు పెట్టుకుంటూ గుమ్మంలో ఆగింది.

"అయినా నేను నిద్రపోలేదమ్మాయ్.
పనిలో ఉన్నాను."