చేవ లేని కట్టె

సొహార్‌ల శుక్రవారం, క్యాంపు వెనక నీడలో
వడ్ల రాజలింగం నా ముందు మూడు కట్టెలు పెట్టిండు.
ఏది తీస్తవో తియ్యమన్నడు.

నేను ఖర్జూరం ముక్క తీసిన.
బరువుంది, పేరుంది, ఈ దేశపు చెట్టు గదా అని.
ఆయన నవ్వలే. గోటితో గీరి చూపిండు:
ఇది కట్టె కాదు, పేనని తాడు.
కత్తి పెడితే పీచు గడ్డం లెక్క లేస్తది.

రెండోది సిద్ర్ కొమ్మ. మన రేగు చెట్టే,
ఇక్కడ అరబ్బీల పిలిస్తె పలుకుతది.
ముదురు ఎరుపు, నడుమంత చేవ.
"పదేండ్లయినంక పట్టు దీన్ని.
ఇప్పుడు పడితే కట్టెనే నిన్ను చెక్కుతది."

మిగిలింది రేవు నుంచి వచ్చిన ప్యాలెట్ పలక,
మైనం రంగు, ముక్కుకు ఆనిస్తె బంక వాసన.
మూలకు కాల్చిన ముద్ర నాతోనే చదివించిండు:
హెచ్.టి. అంటె వేడి పెట్టింది, తీసుకో.
ఎం.బి. అంటె పురుగుకు మందు కొట్టింది,
పొయ్యిలకు గూడ వద్దు.
"చేవ లేదు దీంట్ల. అందుకే మొదలు ఇది."

చేవ లేనోడా.
సిమెంటు బస్తా భుజం మీంచి జారినప్పుడల్లా
మా జగిత్యాల ఫోర్‌మన్ నన్ను పిలిచే పేరు.
పలకను అటూ ఇటూ తిప్పుకుంట కూసున్న.

ఇగ కత్తి.
దుకాణంల పదకొండు మడతలది చూసొచ్చిన, రెండు రియాళ్లు.
"అన్ని పనులొచ్చిన కత్తికి ఏ పనీ రాదు" అన్నడు.
విరిగిన హాక్సా బ్లేడును గుల్జమాన్ గ్రైండరు మీద పెట్టిండు,
ఘడియకోసారి నీళ్లల్ల ముంచుకుంట.
నీలం తిరిగితె ఉక్కు సచ్చినట్టేనట.
పిడికి సైకిల్ ట్యూబు చుట్టిన.
పొడవు మా చేతుల లేదు:
గేటు కాడ తేజ్‌బహదూర్ మూడు వేళ్లు ఆనిస్తడు,
నాలుగో వేలికి అందితె జప్తు.
"మంచిదే. నేర్చుకునేటోనికి
బొటనవేలు కంటె పొడుగు కత్తి ఎందుకు?"

పాత బెల్టు మీద పండ్ల పేస్టు రాసి నూరుడు.
మొండి కత్తే చెయ్యి కోస్తది, బలం పెట్టమంటది గనుక.
నార ఎటు పోతె అటు పో,
ఎదురు పోతె పెచ్చు లేస్తది.

ఆ మాట అయిపోకముందే చూపుడువేలు తెగింది.
రక్తం చూసి ఆయన ముందు అడిగింది
కత్తి కింద పడలే గదా అని.

మూడు శుక్రవారాలకు ఉప్పు చెంచా ఒకటి అయింది.
ఒక పక్క వంకర, గుంటకు లోతు చాలదు.
ముప్పై మంది వంటగదిల ఉప్పుడబ్బాలో వేసిన,
ఎవరికీ చెప్పలే.

నాలుగోనాడు ఫోర్‌మన్ పప్పులో ఉప్పు కలుపుకుంట
చెంచాను ఎత్తి ట్యూబ్‌లైటు కింద తిప్పి చూసిండు.
ఎవడు చేసిండురా ఇది?

నేను తలెత్తలే.
ఉల్లిగడ్డలు కోస్తున్న,
వేరే కత్తితో.