మొగిలి ఘాటులో గోలీ

"ఇది తీసుకోండి మేడం,
స్విచ్చేస్తే గోలీ దానంతటదే ఎక్కి దిగుతాది."
మరి పిల్లోళ్లేం చేస్తారన్నా?
"చూస్తారు."

చూసేదానికి మా అంగన్‌వాడీలో టీవీ ఉండాది.

పైఅరలోంచి చెక్కది దింపించాను, విడి ముక్కలది.
చిత్తూరు ఎండలో కౌంటరు మీదే
గాడికి గాడి తగిలించి వదిలితే
మూడో వంపులో నిలిచిపోయింది గోలీ.
కొట్టాయన నొచ్చుకుని వేలు పెట్టబోయాడు.
ఉండన్నా,
అక్కడే గదా మా కుప్పమ్మ కూతురు
చెంప నేలకానించి చూసేది,
రెడ్డెప్ప అట్టముక్క దూర్చేది,
ఇద్దరూ జుట్లు పట్టుకునేది.

నిమ్మకాయంత గోలీలదే కావాలన్నాను.
మూడేళ్లోళ్లకు లోకమంతా నోట్లోకే.
ఆఫీసోళ్లిచ్చింది ఎనిమిదొందలు,
మిగతా నూటిరవై నా పర్సులోది.

పలమనేరు బస్సు ఘాటెక్కుతుంటే
సంచి పిగిలి ఒకటి జారింది.
టమోటా గంపను తాకి,
ఎవరిదో చెప్పు అంచున ఒరిగి,
వెనక్కి, ఇంకా వెనక్కి.
సీటు తర్వాత సీటు కాళ్లెత్తింది.
కండక్టరు టికెట్టు చింపడం ఆపాడు.
చివరి సీట్లో పెద్దాయన
పంచె గుంజుకుని వంగాడు
పట్టుకునేదానికి కాదు.

నేనూ లేవలేదు.
ముందర ఇంకో మలుపుండాది.